టెస్టుల గదిలో టీజీ

అండాలమ్మ పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. నాలుగో కాలు చూపించబోయినవాళ్ళు లేకపోలేదు. వాళ్ళంతా తర్వాత ఆమె ముందు కుందేలు ఊసెత్తడమే మానేశారు. మొండిది అని కొందరన్నారు, మాట మీద నిలబడే మనిషి అని కొందరన్నారు. ఆ రెండూ ఒకటే. నిలబడ్డ మాట మనకు నచ్చితే ఒక పేరు పెడతాం, నచ్చకపోతే ఇంకో పేరు పెడతాం.

ఆమెది చిట్యాల దగ్గర పల్లె. పెళ్ళయ్యాక ఎల్బీనగర్‌కు వచ్చింది. భర్త దశరథ ఆర్టీసీలో డ్రైవరు. మన్సూరాబాద్‌లో కిరాయి ఇల్లు. ఇంట్లో ఊరికే కూర్చోవడం చేతకాక చైతన్యపురిలో టైపు నేర్చుకుంది, తర్వాత కంప్యూటర్ మీద తెలుగు కొట్టడం నేర్చుకుంది. దిల్‌సుఖ్‌నగర్‌లో వెంకట్రావు గారి కోచింగ్ సెంటర్‌లో చేరింది. బ్యాంకు పరీక్షలకు పిల్లల్ని తయారుచేసే చోటు అది. ప్రశ్నపత్రాలు టైపు కొట్టి, ప్రింటు తీసి, కట్టలు కట్టే గది ఒకటుంది. దాన్ని అందరూ టెస్టుల గది అంటారు. చేరిన కొన్నాళ్ళకే ఆ గదికి ఆమె పెద్దదిక్కయింది.

చేరిన కొత్తలో ఫోనెత్తి "ఎవలు?" అని అడిగిందట. రిసెప్షన్ పిల్ల పక్కనుంచి నవ్వు ఆపుకోలేక, "ఎవరండీ అనాలండీ" అని దిద్దింది. అండాలమ్మ ఫోను కింద పెట్టి, అవతలి మనిషికి తన మాట అర్థమైందనీ, జవాబు కూడా చెప్పాడనీ, మధ్యలో ఈ పిల్లకు వచ్చిన కష్టమేమిటనీ నెమ్మదిగా అడిగింది. ఇంకోసారి నోటీసు బోర్డు మీద "రేపు సెంటర్ బంద్" అని రాస్తే వెంకట్రావు గారు దాన్ని కొట్టేసి "సెలవు" అని రాశారు. అండాలమ్మ మళ్ళీ "బంద్" అని రాసింది. నాకు జ్వరమొచ్చి నేనింట్లో ఉంటే సెలవు, చౌరస్తాల వాళ్ళొచ్చి షట్టర్ గుంజితే బంద్, రెండూ ఒకటెట్ల అవుతాయని ఆమె వాదం. వెంకట్రావు గారు చాక్‌పీసు అక్కడే పెట్టి లోపలికి వెళ్ళిపోయారు.

ఆయన చెడ్డవారేం కాదు. తెనాలి వైపు నుంచి పడుచు వయసులో వచ్చి, మేడ మీద ఒక్క గదిలో పాఠాలు మొదలుపెట్టి, తన చేతులతో ఆ సెంటర్‌ను నిలబెట్టుకున్నారు. ఉద్యమం ముదిరాక ఎవరో విసిరిన రాయి ఒకటి వచ్చి బోర్డు మీద ఆయన పేరులో సగాన్ని ఎత్తుకుపోయింది. కొత్త బోర్డు పెట్టించలేదు. దాని బదులు ఒక నియమం రాయించి గోడకు అంటించారు. గేటు దాటి లోపలికొచ్చాక ఉద్యమం మాట ఎవరి నోటా రాకూడదు. జై తెలంగాణ వద్దు, సమైక్యమూ వద్దు. ఎవరు తెచ్చినా ఆ సాయంత్రానికి ఇంటికి పోవలసిందే. స్టాఫ్‌లో సగం మంది ఇటు, సగం మంది అటు. ఆ నియమం లేకపోతే పాఠాలు సాగేవి కావన్నది నిజమే. నోళ్ళు మూసుకున్నంత మాత్రాన మనసులు మూసుకుంటాయా అంటే, అది వేరే సంగతి.

ఇదంతా సకల జనుల సమ్మె నాటి మాట. బస్సులు లేవు. దశరథ జీతం లేక, పొద్దున్నే డిపో ముందు టెంటులో కూర్చుని సాయంత్రం గొంతు పోగొట్టుకుని ఇంటికి వచ్చేవాడు. సింగరేణిలో బొగ్గు తవ్వేవాళ్ళు పని ఆపేశారు కాబట్టి కరెంటు ఎప్పుడు పోతుందో, ఎప్పుడొస్తుందో తెలియదు. ఇల్లు అండాలమ్మ ఉద్యోగం మీద నడుస్తోంది. ఉద్యోగం ఆ నియమం మీద నడుస్తోంది. ఈ రెండో ముక్క ఆమెకు బాగా తెలుసు. అందుకే రోజూ గేటు దగ్గర నోరు కట్టేసుకుని లోపలికి వెళ్ళేది.

ఆ శనివారం షేర్ ఆటో కూడా దొరకలేదు. ఎల్బీనగర్ చౌరస్తా నుంచి కొత్తపేట మీదుగా నడిచి, ఆమె దిల్‌సుఖ్‌నగర్ చేరేసరికి సెంటర్ షట్టర్ సగం దించి ఉంది. లోపల పెద్ద గొడవ జరుగుతోంది.

మర్నాడు పెద్ద టెస్టు. బ్యాంకు పరీక్ష దగ్గరపడింది, ఢిల్లీవాళ్ళు పెట్టే ఆ పరీక్ష మన సమ్మె చూసి ఆగేది కాదు. బస్సుల్లేకపోయినా ఎక్కడెక్కడి నుంచో పిల్లలు ముందే వచ్చి హాస్టళ్ళలో దిగారు. ప్రశ్నపత్రాలు ఇవాళ అచ్చు కావాలి. తీరా చూస్తే పొద్దున కరెంటు పోయి వచ్చాక ప్రింటర్ ఏ కంప్యూటర్‌కూ పలకడం లేదు. ఆ సెంటర్‌కంతా అదొక్కటే ప్రింటర్. టెస్టుల గదిలో మూల కూర్చుని ఉంటుంది, గదులన్నిటిలోని కంప్యూటర్ల నుంచీ వైర్లు ఒక చిన్న డబ్బాలోకి వస్తాయి, ఆ డబ్బా నుంచి ఒక వైరు ప్రింటర్‌కు వెళ్తుంది. ఎవరు ఏది ప్రింటు కొట్టినా అక్కడ పడాల్సిందే. బయట చూద్దామంటే జిరాక్స్ షాపులన్నీ బంద్.

అకౌంట్స్ చూసే బిందుమాధవి, నెట్‌వర్క్ చూసే జగన్‌కు ఫోన్ చేసింది. అతను పెద్ద అంబర్‌పేట్ దగ్గర హైవే మీద ఇరుక్కుపోయి ఉన్నాడు. అక్కడ వంటావార్పు నడుస్తోంది. రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి, గుండిగల్లో అన్నం వండి, అక్కడే పంక్తులు వేసి తింటున్నారు. బండ్లు మైళ్ళ కొద్దీ ఆగిపోయాయి. జగన్ తన బండికి స్టాండు వేసి ఒక పంక్తిలో తనూ కూర్చున్నాడు. ఇరుక్కున్నాడో కావాలనే ఆగాడో ఆ దేవుడికే తెలియాలి.

ఫోన్లో జగన్ చెప్పినట్టు బిందుమాధవి అన్నీ చేశానంది. గుంటూరు అమ్మాయి, పనిలో ఒక సున్నా అటూ ఇటూ పోనివ్వదు. చివరికి వైరు దూర్చినచోట పచ్చ దీపం వెలుగుతోందా అని అతనడిగాడు. వెలగడం లేదని చెప్పింది. అయితే వైరు పోయిందేమో అన్నాడు జగన్. ఆ ముక్క పక్కనే నిలబడ్డ వెంకట్రావు గారి చెవిన పడింది.

ఇంకేముంది, దోషి తయారుగా ఉన్నాడు. అటెండర్ గోపయ్య పొద్దున ఆ గది ఊడ్చాడు. బల్ల కూడా జరిపాడు. అన్నిటినీ మించి, ముందురోజు సాయంత్రం టీవీలో ఎల్బీనగర్ రాస్తారోకో చూపిస్తే అందులో డప్పు వెనకాల చేతులెత్తి ఊగుతూ గోపయ్య కనిపించాడు. కావాలనే వైరు తెంపావని వెంకట్రావు గారు నిలదీశారు. పిల్లల టెస్టు చెడగొట్టి ఏం సాధిస్తావని అడిగారు. సామాను సర్దుకుని పొమ్మన్నారు. గోపయ్య తలపాగా తువ్వాలు చేతిలో నలుపుకుంటూ గోడకు అతుక్కుని నిలబడ్డాడు. ఆయనది రామన్నపేట వైపు. భార్య ఈరమ్మకు మోకాళ్ళు పట్టేసి రోజూ దవాఖానకు తిరుగుతోంది. ఈ వయసులో ఇంకోచోట ఆయనకు ఎవరు పని ఇస్తారు?

అండాలమ్మ చెప్పులు విడిచి లోపలికి వచ్చి ముందు ప్రింటర్ దగ్గరకు పోయింది. చూసింది. స్విచ్ ఆపేసి ఉంది. వెనక్కి తిరిగి, దీన్ని బంద్ ఎవరు చేశారని అడిగింది.

"నేనేనండీ. జగన్ గారు చేయమన్నారు," అంది బిందుమాధవి.

"మల్ల ఆన్ చెయ్యమనలేదా?"

"లేదండీ. బంద్ చేసి, చాలు అన్నారు. ఇక చాలేమో అని వదిలేశాను."

అండాలమ్మకు ఒక క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక, గది ఉన్న వేడికి నవ్వకూడదని తెలిసి కూడా నవ్వింది.

"బంద్ చేసి చాలు చెయ్యమన్నడమ్మా. మా దిక్కు మోటర్ చాలు చెయ్యి, బండి చాలు చెయ్యి అంటం. చాలు అంటే షురూ చేసుడు."

బిందుమాధవి ముఖం ఎర్రబడింది. ఇన్నేళ్ళు ఈ ఊళ్ళో ఉండి ఆ మాట తన చెవిన పడలేదా అంటే, పడే ఉంటుంది. పడిన ప్రతిసారీ ఎవరో ఏదో ఆపమంటున్నారనే అనుకుని ఉంటుంది. చెవి తనకు తెలిసిన మాటే వింటుంది.

అండాలమ్మ స్విచ్ వేసింది. ప్రింటర్ గురగురమని లేచింది. వెనకాల వైరు దగ్గర పచ్చ దీపం చక్కగా వెలిగింది. వైరుకు ఏమీ కాలేదు. గోపయ్య ఏ వైరూ తెంపలేదు సార్ అని అండాలమ్మ అంది. ఊరికే అనలేదు, మాట చురుకుగా తగిలేటట్టే అంది. వెంకట్రావు గారికి అది మింగుడుపడలేదు. మరి దీపం వెలిగితే ప్రింటు ఎందుకు రావడం లేదని ఆయన ఎదురడిగారు. నిజమే, రావడం లేదు. ఏ కంప్యూటర్ నుంచి కొట్టినా ప్రింటర్ కనబడలేదనే చెబుతోంది. వైరు తెంపకపోతే ఇంకేదో చేసి ఉంటాడు, ఏం చేశాడో తేలేదాకా వాడు గేటు దాటకూడదన్నారు. అడిగితే స్టాఫ్‌లో ఎవరూ దాన్ని ముట్టుకోలేదట. అందరూ శాకాహారులే, రొయ్యల బుట్ట మాత్రం మాయం.

ఇక ఫోను అండాలమ్మ తీసుకుంది. అందరికీ వినపడేటట్టు స్పీకర్ పెట్టి బల్ల మీద ఉంచింది. అవతల డప్పులు, గరిటెల చప్పుడు, ఎవరో పప్పు వెయ్యమని కేకలు. వాటి మధ్య జగన్ గొంతు.

అతను ఒక్కొక్కటే చెప్పుకుంటూ వచ్చాడు. ఈమె ఒక్కొక్కటే చేసుకుంటూ పోయింది. వైరు ఊడదీసి, టిక్కుమని చప్పుడయ్యేదాకా మళ్ళీ దూర్చింది. డబ్బాలో ఇంకో రంధ్రానికి మార్చింది. రిసెప్షన్‌లో బాగా పనిచేస్తున్న కంప్యూటర్ వైరు పీకి తెచ్చి దీనికి పెట్టింది. ఏం చేసినా పచ్చ దీపం వెలుగుతూనే ఉంది, కంప్యూటర్లు కనబడలేదంటూనే ఉన్నాయి. ప్రింటర్‌ను నేరుగా ఒక కంప్యూటర్‌కు తగిలించే పొట్టి వైరు ఉందా అని అడిగాడు. అది ఎప్పుడో పోయింది. చివరికి ప్రింటర్ మీదున్న బటన్లతోనే దాని జాతకం ఒక కాగితం మీద తీయమన్నాడు. కాగితం వచ్చింది. అంటే యంత్రం బాగుంది, సిరా బాగుంది, వైరు బాగుంది. మరి రోగమేమిటి?

"కాగితం మీద పేరు అని ఉంటది సూడక్కా. ఆడేమున్నది?"

అండాలమ్మ కాగితం చూసింది. చూసి, చదవలేదు.

పేరు అన్నచోట ఇంగ్లీషులో రెండే అక్షరాలున్నాయి. టీ, జీ.

ఆ అక్షరాలను అక్కడ కొట్టిన వేలు తనదే. ప్రింటర్ ముందు ఒక చిన్న తెర ఉంటుంది. కంప్యూటర్ నుంచి ప్రింటు మొదలవగానే దాని మీద ఏపీ అని వెలుగుతుంది. కట్టలు కట్టలు ప్రింటవుతుంటే ఆ తెర ముందు గంటలకొద్దీ నిలబడాలి. బయట చూస్తే ఊరంతా బండ్ల మీద ఏపీ కొట్టేసి టీజీ రాసుకుంటోంది, దశరథ కూడా తన స్కూటర్ మీద కుంచెతో రాసుకున్నాడు. సమ్మె మొదలైనరోజు సాయంత్రం గదిలో ఎవరూ లేనప్పుడు, ఆమె బటన్లు నొక్కుకుంటూ పోయి, పేరు అన్నచోట ఏపీ తీసేసి టీజీ పెట్టింది. ఒక కాగితం కొట్టి చూస్తే తెర మీద మాత్రం ఏపీనే వెలిగింది. ఈ ముండమోపి మిషన్ కూడా మాట వినదని తిట్టుకుని ఇంటికి పోయింది. తర్వాత మర్చిపోయింది. ఆ ప్రింటర్ పగలూ రాత్రీ నడుస్తూనే ఉండేది, కరెంటు పోయినా ఇన్వర్టర్ మీద బతికేది. ఈ పొద్దున ఇన్వర్టర్ కూడా చేతులెత్తేసింది. ఒకసారి పూర్తిగా ఆరి వెలిగేదాకా కొత్త పేరు ఎక్కదన్న సంగతి ఆమెకు తెలియదు.

"అక్కా, ఏమున్నది?" జగన్ మళ్ళీ అడిగాడు.

"టీజీ," అంది అండాలమ్మ.

అవతల జగన్ పగలబడి నవ్వాడు.

"అగో! కంప్యూటర్లన్నీ ఏపీ ఏడున్నది, ఏపీ ఏడున్నదని దేవులాడుతున్నయక్కా. మీ కాడ ఏపీ లేనే లేదు. ఇంకేడ దొరుకుతది?"

అంతటితో ఊరుకున్నా బాగుండేది. పక్కనున్న పంక్తికి వినపడేటట్టు, దిల్‌సుఖ్‌నగర్‌లో ప్రింటర్‌కు తెలంగాణ వచ్చిందహో అని కేకవేశాడు. గుండిగల మీద గరిటెలు మోగాయి. జై తెలంగాణ అన్న అరుపు హైవే మీద లేచి, ఫోన్లోంచి వచ్చి, వెంకట్రావు గారి నియమం మీద, వెంకట్రావు గారి ఎదురుగానే బల్ల మీద పడింది.

ఆయన ఫోను కట్టేశారు. ముఖం నల్లబడింది. తిన్నగా గోపయ్య దగ్గరకు వెళ్ళి, ఎవరు చెబితే చేశావని అడిగారు. గోపయ్యకు ఇంగ్లీషు అక్షరం ముక్క రాదు. అది కూడా ఆయనకు తట్టనంత కోపం.

అండాలమ్మకు భయం వేయలేదని అంటే అబద్ధం. టెంటులో కూర్చున్న దశరథ కళ్ళముందు మెదిలాడు, కిరాయి అడిగే ఇంటామె మెదిలింది. తను నోరు మూసుకుంటే చాలు, ఆ బటన్ల మీద ఎవరి వేలు పడిందో ఆ యంత్రం చెప్పదు. కానీ గోపయ్యను అలా గోడకు నిలబెట్టి తాను ఊరుకోవడమంటే, రేపటి నుంచి తన ముఖం తనే చూసుకోలేదు. కోపం కూడా వచ్చింది. రెండు అక్షరాలకు దొంగను పట్టినట్టు పడతారా?

"ఆయనను అడుగుతరెందుకు సార్. నేనే పెట్టిన."

ఎందుకని వెంకట్రావు గారు అడిగారు.

"పొద్దున లేస్తే దాని మొఖమే సూడాలె. ఏపీ, ఏపీ అని వెలుగుతుండె. నాకు నచ్చలే. పని ఆగుతదని తెల్వక చేసిన, పని ఆగింది నా తప్పే. పేరు మార్చుడు తప్పు కాదు."

అప్పుడు బిందుమాధవి చిన్నగా దగ్గింది.

"అండాలమ్మ గారూ, అది ఆంధ్రప్రదేశ్ కాదండీ."

"మరేంది?"

"అకౌంట్స్ ప్రింటర్. కొన్న కొత్తలో మా గదిలో ఉండేది. ఆ పేరు నేనే పెట్టాను."

ఎవరో కిసుక్కుమన్నారు. అండాలమ్మ చెవులు వేడెక్కాయి. ఇన్నాళ్ళూ ఏ పేరును చూసి పళ్ళు కొరికిందో ఆ పేరు పాపం లెక్కలు రాసే గదిదట. కయ్యానికి కాలు దువ్వింది రాష్ట్రం మీద అనుకుంటే, దెబ్బ అకౌంట్స్ మీద పడింది. ఇందాక చాలు అన్న మాటకు తను నవ్విన నవ్వు ఇంత తొందరగా తిరిగొస్తుందని అనుకోలేదు. బిందుమాధవి మాత్రం నవ్వలేదు. ఏదో లెక్క సరిచూసుకుంటున్నట్టు కాగితం వైపు చూసి, తర్వాత వెంకట్రావు గారి వైపు తిరిగింది.

"సార్, నేను పెట్టింది అకౌంట్స్ ప్రింటర్. ఇప్పుడది మా గదిలో లేదు కదండీ. టీజీ అంటే టెస్టుల గది. ఏ గదిలో ఉంటే ఆ గది పేరు. ఇందులో ఉద్యమం ఏముందండీ?"

ఎంత చక్కగా కుట్టిందో చూడండి ఆ గుంటూరు అమ్మాయి! సూది కనపడలేదు, దారం కనపడలేదు, చిరుగు మాయమైంది. వెంకట్రావు గారు కూడా ఊపిరి పీల్చుకున్నారు. ఆయనకూ అండాలమ్మను పంపించాలని లేదు. ఆమె పోతే ఆ గది నడవదని ఆయనకన్నా బాగా తెలిసినవాళ్ళు లేరు. నియమాన్ని తప్పించుకునే సందు ఒకటి దొరికితే ఆయనే ముందు దూరేటట్టున్నారు. టెస్టుల గదేనా, ఆ మాటే అనమ్మా, అయిపోతుందన్నారు. ఆ గొంతులో బతిమాలడం కూడా ఉంది.

ఒక్క మాట. అవునంటే ఉద్యోగం నిలుస్తుంది. గోపయ్య నిలుస్తాడు. కిరాయి నిలుస్తుంది. ఏ బుద్ధిమంతుడైనా అవునంటాడు.

అండాలమ్మ బిందుమాధవి చేయి పట్టుకుంది. ఆ పట్టులో కృతజ్ఞత ఉంది, అది ఆ అమ్మాయికి అందింది కూడా. తర్వాత చేయి వదిలి, తల అడ్డంగా ఊపింది.

"బిందమ్మ నా మీద పాణంతోని చెప్పింది సార్. కని అది నిజం కాదు. నేను పెట్టిననాడు టెస్టుల గది నా మనసుల లేదు. టీజీ అంటే తెలంగాణనే. గీ గదిలున్నా తెలంగాణనే, గేటు బయట ఉన్నా తెలంగాణనే."

బయట ఎవరో షట్టర్ మీద కొట్టుకుంటూ పోయారు. వెంకట్రావు గారు కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు. ఇంత మొండితనం ఆయన తన జన్మలో చూడలేదు, తన ముఖం అద్దంలో చూసుకున్నప్పుడు తప్ప. నియమం ఆయనది, పిల్లల టెస్టు ఆయనది, పగిలిన బోర్డు ఆయనది. కోపంతో అన్నారో అలసటతో అన్నారో గానీ, చేయి అడ్డంగా ఊపి, "ఇక చాలు అండాలమ్మా" అన్నారు.

"మా దిక్కు చాలు అంటే మొదలు సార్."

ముందు నవ్వింది బిందుమాధవి. ఆపుకోవాలని కొంగు అడ్డం పెట్టుకుంది గానీ ఆగలేదు. రిసెప్షన్ పిల్ల నవ్వింది. ఏం జరిగిందో సగమే తెలిసిన గోపయ్య, తన మెడ మీది కత్తి ఎటో పోయిందని గ్రహించి పళ్ళన్నీ కనబడేలా నవ్వాడు. వెంకట్రావు గారు నవ్వలేదు. పెదవి ఒక మూల మాత్రం కదిలింది, దాన్ని గట్టిగా బిగించి పట్టుకున్నారు. రేపు టెస్టు జరగాలి, ఆ సంగతి చూడండి అని చెప్పి తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నారు. పొమ్మనలేదు. ఉండమనీ అనలేదు.

ఇక మిగిలింది పని. పనికి దారులు రెండున్నాయి. ప్రింటర్ పేరు మళ్ళీ ఏపీ చేస్తే నాలుగు బటన్లు నొక్కి, ఒకసారి ఆర్పి వెలిగిస్తే అయిపోతుంది. టీజీని టీజీగా ఉంచాలంటే సెంటర్‌లో ఉన్న కంప్యూటర్లన్నిటి దగ్గరకూ పోయి, ఒక్కొక్కదానికీ ఏపీని మర్చిపొమ్మని, ఇకపై టీజీని వెతుక్కోమని నేర్పాలి. ఏది సులువో చిన్నపిల్లను అడిగినా చెబుతుంది. అండాలమ్మ రెండో దారే పట్టింది. జగన్‌కు మళ్ళీ ఫోన్ కలిపి, ఎట్లా చేయాలో చెప్పించుకుని, మొదటి కంప్యూటర్ ముందు కూర్చుంది. రెండో కంప్యూటర్ ముందు కుర్చీ లాక్కుని బిందుమాధవి కూర్చుంది. ఎందుకమ్మా నీకీ తిప్పలు అంటే, అకౌంట్స్ ప్రింటర్ పోయి ఏడాది దాటింది, పేరు ఇంకా ఎందుకండీ అంది.

మధ్యలో అండాలమ్మ గోపయ్య దగ్గరకు పోయి, నా పని నీ మీదికొచ్చింది కాకా, మనసుల పెట్టుకోకు అంది. గోపయ్య తువ్వాలు తలకు చుట్టుకుంటూ పెద్దగా నిట్టూర్చాడు.

"గా పని నేనే చేసుంటే మంచిగుండేది బిడ్డా. నాకా బటన్లు రావాయె."

మధ్యాహ్నం దాటాక మొదటి ప్రశ్నపత్రం వెచ్చగా బయటికొచ్చింది. చిన్న తెర మీద పచ్చగా టీజీ అని వెలిగింది. అండాలమ్మ దాన్ని తనివితీరా చూసింది, ఎవరు చూస్తున్నారో పట్టించుకోలేదు. మర్నాడు టెస్టు జరిగింది. నెలాఖరుకు ఆమె జీతం ఆమెకు వచ్చింది, గోపయ్య జీతం గోపయ్యకు వచ్చింది. ఆ నియమం గోడ మీద అట్లాగే ఉండిపోయింది గానీ, వెంకట్రావు గారు దాన్ని మళ్ళీ ఎవరికీ చదివి వినిపించలేదు.

రాష్ట్రం వచ్చిన ఏడు ఆయనకు తన వంతు దొరికింది. బండ్ల నంబర్లకు కొత్త సర్కారు టీజీ ఇవ్వలేదు, టీఎస్ ఇచ్చింది. అండాలమ్మ ఇంట్లో స్కూటర్ మీద దశరథ కుంచె రాత వెలవెలబోయింది. మర్నాడు పొద్దున్నే వెంకట్రావు గారు టెస్టుల గది గుమ్మంలో నిలబడి, ఇప్పుడైనా ఆ ప్రింటర్ పేరు మారుస్తావా, మీ సర్కారే టీఎస్ అంది కదా అని తీరిగ్గా అడిగారు. ఆ మాట అనడానికి ఆయన ఎన్నాళ్ళుగా కాచుకుని ఉన్నారో ఆ ముఖం చూస్తేనే తెలిసింది.

"మీరు చెప్తేనే మార్చలేదు, సర్కారు చెప్తే మారుస్తనా సార్?" అంది అండాలమ్మ తల ఎత్తకుండా.

ఆ ప్రింటర్ అరిగి అరిగి పాత సామాన్ల బండి ఎక్కేదాకా టీజీగానే ఉంది. రాష్ట్రం వచ్చిన పదేళ్ళకు ఓట్లొచ్చాయి, సర్కారు మారింది, మారిన సర్కారు టీఎస్ తీసేసి టీజీ పెట్టింది. ఆ వార్త వచ్చినరోజు వెంకట్రావు గారు మన్సూరాబాద్‌కు స్వయంగా ఫోన్ చేశారు. అప్పటికి ఆయనా పాఠాలు మానేశారు, ఆమె కూడా ఉద్యోగం మానేసింది. నువ్వే గెలిచావు అండాలమ్మా అన్నారు. అవతలి నుంచి ఆమె నవ్వు వినపడింది.

"అది గా ప్రింటర్ లెక్కనే సార్. ఒకసారి బంద్ చేసి చాలు చేస్తే గని పేరు ఎక్కదు."